కోయిలకుంట్ల పోస్టుకు నంద్యాల చదివింపు

భ్రమరాంబికకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. కొడుకు సాయి ఈ జన్మలో తనను నోరారా "అమ్మా" అని పిలవడేమోనని.

వాడికి రెండేళ్ల ఏడు నెలలు. వాడి ఈడు పిల్లలు వీధిలో పాటలు పాడుతున్నారు, చాడీలు చెబుతున్నారు, ఒకడైతే పాలవాడిని పట్టుకుని తిడుతున్నాడు కూడా. సాయి మాత్రం "ఊఁ" దగ్గర ఆగిపోయాడు. చెవులకేమీ లోపం లేదు. వంటింట్లో బిస్కెట్ పొట్లం చప్పుడైతే మిద్దె మీది నుంచి పరుగెత్తుకొస్తాడు. అయినా మనసు ఊరుకోక కర్నూలు తీసుకుపోయి పరీక్ష చేయించారు. "వినికిడి నిక్షేపంగా ఉందమ్మా. కొందరు పిల్లలు ఆలస్యంగా మాట్లాడతారు. ఆరు నెలలాగి మళ్లీ తీసుకురండి" అన్నాడు డాక్టరు. ఆరు నెలలు డాక్టరుకు ఒక చీటీ మీద పట్టేంత మాట. తల్లికి నూట ఎనభై పగళ్లు.

ఆళ్లగడ్డలో అత్త నారాయణమ్మ తన వంతు తాను చేసింది. వస కొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. చిలక కొరికిన జామకాయ తినిపిస్తే మాటలొస్తాయని, తోట తోటా తిరిగి ఏరుకొచ్చింది. మామ మద్దయ్య రోడ్డు పక్క షెడ్డులో దేవుళ్ల విగ్రహాలు చెక్కే మనిషి. ఆయన ఉలి ఆపకుండానే చెప్పేవాడు.

"మేం బొమ్మకు అన్నీ చెక్కినాంక ఆఖర్న కండ్లు తెరుస్తాం మ్మా. ఆ పైవాడు మీవానికి నోరు ఆఖరికి పెట్టుకున్యాడు. పనోన్ని తొందరపెట్టగూడదు. రాయి పగులుతాది."

ఆ మాటకు ఆ పూటకు ధైర్యం వచ్చేది. నంద్యాల బస్సు దిగేసరికి మళ్లీ భయం ఎక్కి కూర్చునేది.

భ్రమరాంబికకు ఇరవై మూడేళ్లు. తొమ్మిదో తరగతి సగంలో ఉండగా చదువు మాన్పించి పెళ్లి చేశారు. భర్త చిరంజీవి తండ్రి దగ్గరే పనిచేస్తాడు. తెల్లారి బస్సుకు ఆళ్లగడ్డ పోయి, రాతి దుమ్ముతో వెంట్రుకలు తెల్లబడి, పొద్దుగుంకే వేళకు ముసలివాడిలా తిరిగి వస్తాడు. స్నానం చేస్తే మళ్లీ కుర్రవాడవుతాడు. నంద్యాలలో వాళ్లు అద్దెకుండేది మిద్దె మీద. కింది గదిలో ఇంటామె హుస్నా నెట్ సెంటరు నడిపేది. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడకు హాల్ టికెట్ల వేళల కాగితం. హుస్నా డిగ్రీ చదివింది. నాలుక కాస్త పదును, మనసు మెత్తన. చీరకు ఫాల్ కుట్టి ఇచ్చేందుకు కిందికి దిగిన భ్రమరాంబికను ఒకరోజు కుర్చీలో కూర్చోబెట్టి, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే విద్య చూపించింది.

"ఇది పందిరి అని ఒక సైటు. తెలుగోళ్లంతా ఈడ రాసుకుంటారు. వంటలు, కవితలు, కొట్లాటలు. నువ్వూ రాయి."

"నేనేం రాసేది అక్కా, తొమ్మిది కూడా పూర్తి చెయ్యలే."

"ఈడ రాసేటోల్ల సర్టిఫికెట్లు ఎవురూ అడగర్లే మే. నా పానం తీస్తాండావే పొద్దస్తమానం మావాడు మాట్లాడడు, మాట్లాడడు అని, అదే రాయి. నా చెవులకైనా రెస్టు."

అలా 2007 దసరా తర్వాత "మా సాయి" అన్న బ్లాగు పుట్టింది. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు హుస్నా ఆమెను ఊరికే కూర్చోనిచ్చేది. సాయి ప్రింటరు కింద దూరి కాగితాలు నమిలేవాడు. భ్రమరాంబిక ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేది. ఒకరోజు ఇలా రాసింది: "ఈ పొద్దు మావాడు చెప్పులు తెచ్చి నా ముందు పెట్టినాడు. బయటికి పోదామని. చెప్పులు మాట్లాడినాయి, మావాడు మాట్లాడలేదు."

ఏ పోస్టును ఎంతమంది చూశారో కింద అంకె పడేది. నెల రోజులైనా ఆ పోస్టు కింద ఏడు దాటలేదు.

"ఏడుమంది చదివినారక్కా" అంది సంబరంగా.

"అందులో నాలుగు సార్లు నువ్వే చూసుకున్యావు. రెండు సార్లు నేను. ఇంగొకడెవడో దారి తప్పి వచ్చింటాడు."

భ్రమరాంబిక ముఖం చిన్నబోయింది. ఆమెకు మెచ్చుకోలు అక్కర్లేదు. ఇంత పెద్ద ప్రపంచంలో ఇలాంటి బిడ్డను పెంచిన తల్లి ఒక్కతైనా ఉండకపోదు. తన రాత ఆమె కంటబడితే చాలు. కానీ పందిట్లో రోజుకు రెండు వందల పోస్టులు పడేవి. పొద్దున రాసింది మధ్యాహ్నానికి పదో పేజీలోకి జారిపోయేది.

జనవరి మొదట్లో పందిరి వాళ్లు ఒక ప్రకటన పెట్టారు. వంద రూపాయలు కడితే కోరిన పోస్టును వారం రోజులు మొదటి పేజీలో అన్నిటికంటే పైన ఉంచుతారట. కట్టినవాళ్ల పేరు, ఊరు కూడా దాని కింద వేస్తారట. మనియార్డరు పంపి, ఆ ఫారంలో పోస్టు నంబరు రాస్తే చాలునట.

ఆ సాయంత్రం చిరంజీవికి అన్నం పెడుతూ సంగతి చెప్పింది. అతను నవ్వాడు.

"మా మేనమామ ఆళ్లగడ్డలో ఎరువులంగడి పెట్టినప్పుడు సినిమాహాల్లో స్లైడు ఏపిచ్చినాడు. ఆర్నెల్లు. స్లైడు పడంగానే జనమంతా సోడాకు లేసిపోయేది. దాన్ని చూసి అంగడికి ఒకే ఒకడొచ్చినాడు. వాడు గూడా హాలుకు దారి యాడని అడిగేదానికి."

"అయితే వద్దంటావా?"

"నేనెందుకు వద్దంటా. ఫాల్ కుట్టి సంపాదిచ్చుకున్న దుడ్లు నీవి. పంపు. పోతే సోడా తాగినట్లనుకుందాం."

పంపాలని తేల్చుకుంది. ఏ పోస్టుకు పంపాలో మాత్రం తేలలేదు. తన పోస్టుకు తానే కట్టుకోవాలనే ఆలోచన ఆమెకు రానే లేదు. వచ్చినా చీదరించుకునేది. ఎందుకంటే ఆమెకు తెలిసిన రివాజు ఒకటి ఉంది. పెళ్లి పందిట్లో మైకు పట్టుకుని ఒకాయన కూర్చుంటాడు. చదివింపులు ఇచ్చినవాళ్ల ఊరు, పేరు, అంకె పందిరంతా మోగేలా చదువుతాడు. "మిడుతూరు వాస్తవ్యులు ఫలానా వారు నూటపదహార్లు." నీ పేరు మోగేది ఇంకొకరి పెళ్లిలో. నీ ఇంట్లో పెళ్లి జరిగితే ఇంకొకరు వచ్చి చదివిస్తారు. ఎవరి పెళ్లికి వాళ్లే చదివించుకున్నారంటే ఊరు కాదు, ఊర్లో గొడ్లు కూడా నవ్వుతాయి. ఇక్కడ సైటు పేరే పందిరి. కట్టినవాళ్ల పేరు, ఊరు వేస్తామని వాళ్లే చెప్పారు. ఇంతకంటే తేటగా ఎవరు చెబుతారు? ముందు తాను ఒకరికి చదివించాలి. తనకు ఎవరో ఒకరు చదివిస్తారు.

మర్నాడు కిందికి దిగి, చదివించతగ్గ పోస్టు కోసం పందిట్లో వెనక్కి వెనక్కి పోయింది. మైకు దగ్గర కూర్చున్నవాళ్లకు చదివించేవాళ్లు బోలెడుమంది ఉంటారు, మూలన కూర్చున్నవాళ్లను చూద్దామని ఆమె లెక్క. అక్కడ, సెప్టెంబరు నెలలో పడిన ఒక పోస్టు దొరికింది. చూసినవారు ఒకరు. కింద జవాబు రాసి పలికినవారు ఎవరూ లేరు.

"కోయిలకుంట్ల నుంచి లూదియా రాస్తాండాను. మా ఆయన దావీదు, బోరు మోటార్లకు వైండింగు కడతాడు. మా పాప రూతుకు మూడేండ్లు పడబోతాండాయి. ఒక్క మాట రాలేదు. ఇది చదివిన అమ్మలు ఎవురైనా ఉంటే, మీ బిడ్డ ఎప్పుడు మాట్లాడిందో చెప్పండి. అబద్ధమైనా సరే."

భ్రమరాంబిక దాన్ని మూడు సార్లు చదివింది. చివరి మాట దగ్గర మూడు సార్లూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెంటనే పోస్టాఫీసుకు పోయి, సాయిని చంకలో కుదుర్చుకుని, మనియార్డరు ఫారం నింపింది. పోస్టు నంబరు 2217. పేరు భ్రమరాంబిక, నంద్యాల. ఇంటికొస్తూ సాయికి ఒక బన్ను కొనిపెట్టింది, పెళ్లి భోజనం లెక్కన.

పది రోజులకు పందిరి వాళ్ల మెయిలు వచ్చింది. హుస్నా చదివి వినిపించింది. "మీరు పొరపాటున వేరేవారి పోస్టు నంబరు రాసినట్లున్నారు. మీ పోస్టు నంబరు తెలియజేస్తే సరిచేస్తాము."

హుస్నా కుర్చీని ఇటు తిప్పింది. "ఏందీ మే ఇది? ఎవురి పోస్టుకు కట్టినావు?"

భ్రమరాంబిక చెప్పింది. చదివింపుల సంగతి, మూలన కూర్చున్నవాళ్ల సంగతి అంతా చెప్పింది. హుస్నా మొదట నోరు తెరిచింది. తర్వాత బల్ల మీద తల పెట్టి నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"ఓసి పిచ్చిదానా, ఆడ అందరూ ఎవుని పోస్టుకు వాడే కట్టుకుంటారు. దాన్ని ప్రచారం అంటారు. గోడమీద బొమ్మ వేయించుకున్నట్లు."

"సొంత పేరు సొంత దుడ్లతో మైకులో చదివిచ్చుకుంటారా? సిగ్గుండదా?"

"ఉండదు. ఉంటే వ్యాపారం యాడ జరుగుతాది? సరే, చెప్పు, నీ నంబరు రాసి పంపుతా. మార్చుకోమంటాండారు కదా."

వంద రూపాయలంటే ఏడు చీరల ఫాల్. తన కొడుకు మాటలకోసం పెట్టిన డబ్బు. నిజానికి మార్చుకోవడంలో తప్పు లేదు. అడిగింది వాళ్లే. కానీ "అబద్ధమైనా సరే" అన్న ఆ మాట ఆమెను కదలనివ్వలేదు.

"వద్దక్కా. పందిట్లో చదివిచ్చినాంక ఎవురైనా వెనక్కి తీసుకుంటారా? పొరపాటు కాదని రాయి. మా దిక్కు ఇట్లనే చేస్తామని రాయి."

హుస్నా అదే రాసింది.

మర్నాడు లూదియా పోస్టు పందిరి నెత్తిమీద కూర్చుంది. దాని కింద "పైకెక్కించినవారు: భ్రమరాంబిక, నంద్యాల" అని పడింది. వారంలో తొమ్మిది వందల మంది చూశారు. నలభై మూడు మంది పలికారు. భ్రమరాంబిక ఒక్కొక్కటీ చదివింది. ఇరవైమంది "చాలా బాగుంది" అన్నారు. ఏం బాగుందో చెప్పలేదు. పదకొండు మంది తమ బ్లాగు కూడా చూడమన్నారు. ఒకాయన పిల్లకు తేలుమంత్రం వేయించమన్నాడు. ఇంకొకాయన, తేలుమంత్రం మాటలకు కాదు తేలుకు అని ఆయనతో తగువు పెట్టుకున్నాడు. ఆ తగువు ఒక్కటే ఆరు జవాబులు నడిచింది.

"చూసినావా" అంది హుస్నా. "దుడ్లకు కండ్లొస్తాయి మే. మనుషులు రారు."

"ఒకామె వచ్చిందక్కా. ఈడ చూడు."

తిరుపతి నుంచి ఉమామహేశ్వరమ్మ అనే ఆమె. చిన్నపిల్లలకు మాటలు నేర్పే ఉద్యోగంలో ఇరవై ఏళ్లుగా ఉందట. ముందు చెవులు చూపించమంది. అవి బాగుంటే, బిడ్డ ముఖానికి ఎదురుగా కూర్చుని మాట్లాడమంది. అడిగింది ఇచ్చే ముందు పది అంకెలు లెక్కపెట్టుకుని ఆగమంది. మాట రాలేదని కోప్పడవద్దంది. ఆర్నెల్లలో మార్పు లేకపోతే మళ్లీ డాక్టరు దగ్గరకు పొమ్మంది. భ్రమరాంబిక దాన్ని ప్రింటు తీయించి వంటింటి తలుపుకు అతికించింది. పాటించడం మాత్రం చేతకాలేదు. మూడు లెక్కపెట్టేలోపు చేయి దానంతటదే గ్లాసు అందించేసేది.

ఇంతలో పందిట్లో ఇంకో గొడవ మొదలైంది. ఇంతమంది పలుకుతుంటే లూదియా మాత్రం ఒక్క ముక్క రాయలేదు. జనానికి అనుమానం వచ్చింది. "ఆ పాప ఇప్పుడెలా ఉంది?" "సెప్టెంబరు నుంచి ఆ తల్లి ఏమైపోయింది?" చివరికి అందరూ ఒక్క పేరు మీదికి వచ్చారు. "నంద్యాల భ్రమరాంబిక గారూ, మీకు తెలిసినవాళ్లే అయ్యుంటారు కదా. ఎలా ఉన్నారో చెప్పండి."

తెలిసినవాళ్లు కాదని చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా భయమేసింది. ఎందుకు పలకదు? బిడ్డకు ఏమైనా అయిందా? మూడేళ్లు నిండినా మాట రాక, ఇక రాదని ఎవరైనా తేల్చి చెప్పేశారా? రూతుకు రాకపోతే సాయికీ రాదన్నట్లు, ఆ ఇద్దరినీ ఎవరో ఒకే తాడుకు కట్టినట్లు అనిపించింది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు తెల్లవారి, చిరంజీవితో పాటు తానూ సాయిని ఎత్తుకుని ఆళ్లగడ్డ బస్సెక్కింది.

"ఏందీ, మా యమ్మను చూసేదానికా?" అన్నాడతను.

"కోయిలకుంట్ల పోవాల. ఆ బిడ్డను నా కండ్లతో చూసి వస్తా."

"మొకం తెలీదు, ఇల్లు తెలీదు."

"పేరు చదివిచ్చినాను కదప్పా. భోజనానికి పోకుంటే ఎట్ల?"

ఆళ్లగడ్డలో అతను దిగిపోయి, ఆమెను కోయిలకుంట్ల బస్సెక్కించాడు. దారి పొడుగునా రెండు వైపులా శనగ చేలు. కోయిలకుంట్ల బస్టాండులో టీ అంగడాయన్ని మోటార్ల వైండింగు దావీదు ఇల్లెక్కడని అడిగితే, చర్చి సందులో మూడో ఇల్లు అన్నాడు. సందు మొదట్లో ఆమె ఆగిపోయింది. లోపల ఏం చూడాల్సి వస్తుందోనని.

మూడో ఇంటి గడప మీద ఒక చిన్నపిల్ల కూర్చుని కోడిపెట్టను తిట్టిపోస్తోంది. "నీకెన్నిసార్లు జెప్పాల? ఈడ పెంట ఎయ్యాకు అంటే ఎయ్యాకు అంతే. మా నాయనకు జెప్తా. కూరొండుతాడు నిన్ను." పక్కింటి పిల్ల కాబోలు అనుకుంది భ్రమరాంబిక. ఆ పిల్ల కోడిని వదిలి ఇటు తిరిగింది.

"నువ్వెవురు? యాడ నుంచి వచ్చినావ్? ఈ పిల్లోడెవురు? ఈనికి ఒక చెప్పే ఉందే, ఇంగొకటి యాడ పారేసినాడు? ఆ సంచిలో ఏముండాది?"

"మీ పక్కింట్లో రూతు అని పాప ఉంటాదంట కదా. యాడుంది?"

"నేనే రూతు."

భ్రమరాంబిక సాయిని కిందికి దింపింది.

"నువ్వా? నీకు మాటలు రావంటనే?"

"ఎవుడన్యాడు?" అంది రూతు, నడుం మీద చేతులు పెట్టుకుని.

లోపలి నుంచి లూదియా వచ్చింది. సన్నటి మనిషి, ముందు ఎనిమిది నెలల కడుపు, చేతిలో చేట. విషయం వినేసరికి చేట కింద పెట్టి అరుగు మీద కూలబడింది. అక్టోబరులో ఒకరోజు రూతు నోరు తెరిచిందట. తెరిచింది తెరిచినట్టే ఉందట, మళ్లీ మూయలేదట. పందిట్లో రాద్దామంటే అప్పటికే ఊళ్లో నెట్ సెంటరు మూసేసి టిఫిన్ సెంటరు పెట్టారట.

"అంటే నలభై మూడు మంది సలహాలు దీనికా? ఈ రేడియోకా?" లూదియాకు నవ్వు ఆగలేదు. కడుపు పట్టుకుని నవ్వింది. భ్రమరాంబిక కూడా నవ్వింది. ఆ సంగతి ఏమిటో తెలియకపోయినా రూతు అందరికంటే గట్టిగా నవ్వింది. తేలుమంత్రం తగువు చెబితే లూదియా చేత్తో వద్దు వద్దని సైగ చేసింది, ఇక నవ్వితే ఇక్కడే కాన్పయ్యేట్టుందని.

నవ్వు తగ్గాక నెమ్మదిగా అడిగింది. "వదినా, దుడ్లు పెట్టింది నువ్వేనా? ఎందుకు? నేనెవురో తెలీకుండానే?"

"మూలన కూసున్యావని."

లూదియా తల దించుకుంది. "మాది ఇష్టపడి చేసుకున్న పెండ్లి. రెండు దిక్కులా ఎవురూ రాలా. చర్చిలో పదిమంది, టీ, బిస్కెట్లు. చదివింపుల్లేవు, మైకు ల్యా. నా పేరున ఎవురైనా చదివిచ్చింది ఇదే."

ఆమె పచ్చి కాయలతో ఉన్న శనగ మండ తెచ్చి మధ్యలో పరిచింది. పిల్లలిద్దరూ దాని చుట్టూ కూర్చున్నారు. సాయి మండ వంక చూడగానే భ్రమరాంబిక ఒక కాయ వలిచి వాడి నోట్లో పెట్టింది. వాడు కుండ వంక చూశాడు, లేచి నీళ్లు తెచ్చింది. వాడు కాలు కదిపాడు, ఉన్న ఒక్క చెప్పూ విప్పింది. లూదియా ఇదంతా చూస్తోంది.

"వదినా, ఒక మాటంటా, ఏమనుకోవాకు. వానికింగ నోరెందుకు? వాని నోరు నువ్వే ఐపోతివి."

భ్రమరాంబిక ముఖం ఎర్రబడింది.

"నేనూ ఇట్లనే ఉంటి. అది చూస్తే చాలు ఇచ్చేదాన్ని, యాడ ఏడుస్తాదో అని. ఈ కడుపు నిలబడినాంక పొద్దంతా వాంతులు, మంచం దిగలేకపోతి. ఒకరోజు కుండ దగ్గర నిలబడి చూసింది, చూసింది, నేను లేయలేదు. అప్పుడు అరిచింది, 'నీల్లు' అని. పరుగెత్తబోయి పడిపోయేదాన్నే."

తిరుపతి ఆమె రాసిందీ అదే, ఈ లూదియా చెప్పేదీ అదే. కాగితం మీద చదివితే దిగని మాట అరుగు మీద దిగింది.

రూతు అప్పటికే ఒక గుప్పెడు శనగలు వలుచుకుని పెద్దరికం చేస్తోంది. ఒకటి సాయికి ఇచ్చింది. వాడు తిని చేయి చాపాడు. రూతు గుప్పిట వెనక్కి తీసుకుంది.

"ఏం గావాల? జెప్పు."

సాయి తల్లి వైపు చూశాడు. భ్రమరాంబిక చేయి మండ వైపు పోయింది. లూదియా ఆ చేయి గట్టిగా పట్టుకుంది. సాయి కింది పెదవి వణికింది. ఏడుపు వచ్చేలా ఉంది. భ్రమరాంబిక లోపల లెక్కపెడుతోంది. ఐదు. ఆరు. రూతు ఒక గింజ తన నోట్లో వేసుకుని కరకర నమిలింది. ఏడు.

"ఇంగా" అన్నాడు సాయి.

లూదియా పట్టుకున్న చేయి వదిలేసింది. రూతు మాత్రం, ఇందులో వింతేముందన్నట్టు, ఇంకో గింజ ఇచ్చింది. వాడు మింగి మింగకముందే మళ్లీ అన్నాడు. "ఇంగా." ఈసారి గట్టిగా. భ్రమరాంబిక వాడిని ఎత్తుకోబోతే తోసేశాడు, శనగలకు అడ్డమని. ఆమె లూదియా భుజం మీద ముఖం పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది.

తిరుగు బస్సులో కండక్టరు విజిలు వేసినప్పుడల్లా వాడు "ఇంగా" అన్నాడు. కండక్టరుకు సరదా పుట్టి, అక్కర్లేని చోట కూడా విజిలు వేశాడు. ఆళ్లగడ్డ షెడ్డులో మద్దయ్య మనవడి మాట వినడానికి సుత్తి కింద పెట్టాడు. చిరంజీవి రాతి దుమ్ము చేతులతోనే వాడిని పైకి ఎగరేశాడు. "ఇంగా" అన్నాడు వాడు. మళ్లీ ఎగరేశాడు. చేతులు పడిపోయేదాకా ఎగరేశాడు. నారాయణమ్మ మాత్రం ఇది ఖచ్చితంగా జామకాయ మహిమేనని వీధంతా చెప్పి వచ్చింది. ఎవరూ కాదనలేదు.

"అమ్మా" అన్న మాట ఇంకో పదకొండు రోజులకు వచ్చింది. భ్రమరాంబిక వంటింటి తలుపు వెనక దాక్కుని, కళ్లు మూసుకుని లెక్కపెడుతుంటే, నాలుగు దగ్గర.

ఆ మధ్యాహ్నం హుస్నా లెక్క తీసింది. "ఇప్పుడు జెప్పు మే. తొమ్మిది వందల మంది చూస్తే పనికొచ్చింది ఒక తిరుపతి ఆమె. ఏ పాప కోసం కట్టినావో ఆ పాపకు అక్కర్లే. నీ పోస్టును ఇంగా ఏడుమందే చూసినారు. వంద రూపాయలు దండగా, పండగా?"

"పేరు పైన పడినందుకైతే దండగే అక్కా. నిద్రపట్టక బస్సెక్కినందుకు పండగ."

"అయితే ఇంగ కట్టవా?"

"కడతా. నాకు కాదు."

భ్రమరాంబిక జరిగిందంతా పోస్టుగా రాయడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. హుస్నా ఏమీ చెప్పకుండా పోస్టాఫీసుకు పోయి వచ్చింది. ఆ పోస్టు పైకెక్కినప్పుడు కింద "పైకెక్కించినవారు: హుస్నా, నంద్యాల" అని పడింది. ఆ నెలలో పందిట్లో ఇంకో ముగ్గురు, తమది కాని పోస్టులకు కట్టారు.

సాయి ఇప్పుడు పద్నాలుగు మాటలు అంటున్నాడు. భ్రమరాంబిక భయం మాత్రం ఎక్కడికీ పోలేదు, ఊరు మారిందంతే. ఇప్పుడది కోయిలకుంట్లలో ఉంటోంది. ఆమె పోస్టు చివర ఇలా ఉంది:

"లూదియాకు ఈ ఫిబ్రవరి ఇరవై తర్వాత ఏ రోజైనా నొప్పులు రావచ్చు. దావీదన్న మోటార్ల పని మీద పల్లెల్లో తిరుగుతుంటాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆయన జేబులోనే ఉంటుంది. పుట్టింటి వాళ్లు రారు. రూతు ఉంది గానీ, అది మాట్లాడుతుంది, బండి పిలుచుకురాలేదు. నేను ఆదివారాలు పోయి వస్తున్నాను. మిగతా రోజుల్లో మీరెవరైనా కోయిలకుంట్ల మీదుగా పోతుంటే, చర్చి సందులో మూడో ఇల్లు, ఒకసారి తలుపు తట్టండి. తిన్నావా అమ్మా అని అడగండి. బాగున్నాననే చెబుతుంది. ఆ మాట నమ్మొద్దు. కాసేపు కూర్చుని, ముఖం చూసి రండి."